తిండి లైన్లో వచ్చిన లెక్క

హాస్టల్ గదిలో కెటిల్‌లో టీ మరుగుతోంది. (గదుల్లో కెటిల్ వాడకూడదని నోటీసు బోర్డు మీద రాసి ఉంటుంది. వార్డెన్ మేడం ఇది చదవరనే ధైర్యంతో రాస్తున్నా.) మంచం మీద కూర్చుని ఫోన్ చూసుకుంటున్న నా రూమ్మేట్ తలెత్తకుండానే అంది.

"నాకు రాలే అక్కా."

"ఏం రాలేదు?"

"పేపర్. సదస్సుకు పంపిన గదా. రిజెక్ట్ చేసిన్రు."

ఫోన్ నా చేతికిచ్చింది. మెయిల్ తెరిచి ఉంది. మొదటి వాక్యం చదవక్కర్లేకుండానే నాకు తెలుసు. 'విచారంతో తెలియజేస్తున్నాం' అంటూ మొదలయ్యే ఆ ఇంగ్లీషు మెయిల్ రాసింది నేనే. ఆ కమిటీలో నేనూ ఒకదాన్ని. కిందకి జరిపితే రివ్యూయర్ వ్యాఖ్యలు మూడు. భాష చాలా మెరుగుపడాలి. ఈ అంశం మీద ఇదివరకటి పరిశోధనల ప్రస్తావన లేదు. ఇది 'ఎనెక్డోటల్', అంటే సొంత అనుభవం చెప్పడమే తప్ప పరిశోధన కాదు.

ఆ మూడూ నావే.

పేర్లు తీసేసి చదువుతాం కాబట్టి అది ఆమెదని నాకు తెలియదు. నేనే చదివానని ఆమెకూ తెలియదు, అనుకున్నా. ఫోన్ తిరిగిచ్చేసి "టీలో చక్కెర ఎంత?" అని అడిగా. రెండేళ్లుగా ఒకే గదిలో ఉంటున్నాం. ఆమె టీలో చక్కెర ఎంతో నాకు తెలియదా!

మా సదస్సు ఎందుకు పుట్టింది?

నేను ఎడ్యుకేషన్‌లో పీహెచ్‌డీ, తను ఎం.ఎడ్. రెండో ఏడాది. హైదరాబాద్‌లో ఒక యూనివర్సిటీ. మా డిపార్ట్‌మెంట్‌లో ఒక రోజు సదస్సు జరుగుతుంది. దాన్ని నడిపేది ప్రొఫెసర్లు కాదు, విద్యార్థులే. అంశం మేమే పెట్టుకుంటాం, పేపర్లు మేమే పిలుస్తాం, మేమే చదివి ఎంచుతాం. కుర్చీలు మోసేదీ మేమే, సమోసాలు లెక్కపెట్టేదీ మేమే.

ఇది మేం కనిపెట్టిన సంగతేం కాదు. అమెరికాలో 1916లో మొదలైన 'అమెరికన్ ఎడ్యుకేషనల్ రీసెర్చ్ అసోసియేషన్' అనే పెద్ద సంఘంలో విద్యార్థుల కోసమే ఒక కౌన్సిల్ ఉంది. అక్కడ చాలా యూనివర్సిటీల్లో ఎడ్యుకేషన్ విద్యార్థులు సొంతంగా సదస్సులు జరుపుకుంటారు. పెద్దవాళ్ల ముందు నిలబడే ముందు, తోటివాళ్ల ముందు తడబడే చోటు అన్నమాట.

మాకు ఆ చోటు అవసరమైన కారణం మాత్రం ఇక్కడిదే. 2016 నాటి యూజీసీ నిబంధనల ప్రకారం పీహెచ్‌డీ థీసిస్ ఇచ్చేలోపు కనీసం ఒక పరిశోధన పత్రం అచ్చు కావాలి, సదస్సుల్లో రెండు పేపర్లు సమర్పించాలి. 2022లో వచ్చిన నిబంధనల్లో ఆ తప్పనిసరి తీసేశారు. రూల్ పోయింది కానీ అలవాటు పోలేదు. ఇప్పటికీ మా వాట్సాప్ గ్రూపుల్లో 'అంతర్జాతీయ సదస్సు' ప్రకటనలు వస్తూనే ఉంటాయి. ఫీజు కట్టు, ఫొటో దిగు, సర్టిఫికెట్ పట్టుకెళ్లు.

నేనూ అలాంటి ఒకదానికి వెళ్లా. అయిదుగురిని ఒకేసారి స్టేజీ ఎక్కించారు. మనిషికి రెండు నిమిషాలు. నేను మాట్లాడుతుంటే అధ్యక్షుల వారు వంచిన తల ఎత్తకుండా సర్టిఫికెట్ల మీద సంతకాలు పెడుతున్నారు. ఒక్క ప్రశ్న లేదు. బస్సులో వెనక్కి వస్తుంటే అనిపించింది, నా పేపర్లో తప్పు ఉందని ఎవరైనా చెప్పినా బాగుండేది కదా అని.

అందుకే మా సదస్సుకు ఫీజు లేదు. ఒక్కొక్కరికి పదిహేను నిమిషాలు చెప్పడానికి, అయిదు నిమిషాలు ప్రశ్నలకు. పంపిన ప్రతి సారాంశాన్ని ఇద్దరు చదవాలి. ఒక్కొక్కరు అయిదుకు మార్కులు వేయాలి. మొత్తం ఆరు వస్తే లోపలికి. ఆ ఏడాది 71 వచ్చాయి. రెండు గదులు, గదికి 15 పేపర్లు. అంటే 30 మందికే చోటు. 41 మందికి 'విచారంతో' మెయిల్ వెళ్లింది.

మా రూమ్మేట్‌కు రెండో రివ్యూయర్ మూడు వేశారు. నేను రెండు వేశా. నేనూ మూడు వేసి ఉంటే ఆరు అయ్యేది.

పన్నెండు మంది పిల్లలు, తొమ్మిది గుడ్లు

ఆ రాత్రి నిద్ర పట్టలేదు. లైటు తీసేశాక అడిగా. "ఇంతకీ నీ పేపర్లో ఏముంది?"

చీకట్లో ఆమె చెప్పడం మొదలుపెట్టింది.

కరోనాకు ముందు ఏడాది ఆమె ఆదిలాబాద్ వైపు ఒక చిన్న బడిలో విద్యా వాలంటీర్‌గా పనిచేసింది. పిల్లలు ఇంట్లో గోండి మాట్లాడతారు. బడిలో పుస్తకం తెలుగు. ఒకరోజు బోర్డు మీద లెక్క రాసింది. లత దగ్గర 12 గోలీలు ఉన్నాయి, రవి దగ్గర 9 ఉన్నాయి. రవి కంటే లత దగ్గర ఎన్ని ఎక్కువ ఉన్నాయి? పిల్లలంతా ఒకే గొంతుతో "పన్నెండు!" అన్నారు. మళ్లీ అడిగింది. మళ్లీ పన్నెండే.

"తీసివేత రాదనుకున్న అక్కా. పుల్లలు పెట్టి చెప్పిన, వేళ్లు మడిచి చెప్పిన. ఊహూ."

ఆ వారమే గుడ్డు పెట్టే రోజు వచ్చింది. ఆవేళ గుడ్లు తక్కువ పడ్డాయి. లైన్లో పన్నెండు మంది, గిన్నెలో తొమ్మిది గుడ్లు. ఆమె ఇంకా చూస్తూనే ఉంది, లైన్లో వెనక నిల్చున్న పిల్లాడు గట్టిగా అన్నాడట. "టీచర్, ముగ్గురికి రావు!" పొద్దున 'పన్నెండు' అన్న పిల్లాడే.

"మరి ఏం చేశావ్?"

"మూడు గుడ్లు సగానికి కోసిన. ఆరుగురికి పూర్తిగ, ఆరుగురికి సగం. సగం వచ్చినోళ్లకు మర్నాడు ముందు పెడ్తనని ఒట్టు వేసిన."

ఆ రోజు నుంచి ఆమె ఒక నోట్‌బుక్ పెట్టింది. అదే లెక్కను ప్రతి పిల్లాడినీ రెండు రకాలుగా అడిగేది. 'ఎన్ని ఎక్కువ?' అని ఒకసారి. 'ఎంతమందికి అందదు?' అని ఇంకోసారి. వేర్వేరు రోజుల్లో, వేర్వేరు అంకెలతో. ఎవరు ఏం చెప్పారో టిక్కు పెట్టుకునేది. రెండు నెలలు.

లైటు వేసి ట్రంకు పెట్టెలోంచి ఆ నోట్‌బుక్ తీసి చూపించింది. గళ్ల కాగితం. ఎడమవైపు టిక్కులు పల్చగా, కుడివైపు గుంపుగా. ఎవరైనా ఒక్క చూపులో చెప్పేయొచ్చు, ఆ పిల్లలకు తీసివేత వచ్చని. వాళ్లకు రానిది 'కంటే ఎన్ని ఎక్కువ' అనే వాక్యం.

"ఇదంతా సారాంశంలో ఎందుకు రాయలేదే?"

"రాసిన అక్కా."

నిజమే. రాసింది. నాలుగో లైన్లో ఉంది, రెండు నెలలు నోట్‌బుక్ రాశానని. నేను అక్కడిదాకా వెళ్లేసరికే రెండు మార్కులు ఖాయం చేసేశా. ఎందుకంటే మొదటి వాక్యంలోనే ఇంగ్లీషు కుంటుతోంది. తెలుగులో చెప్పాలంటే ఆ వాక్యం ఇది: 'మా బడి పిల్లలకు తీసివేత లెక్కల పీరియడ్లో రాదు, తిండి లైన్లో వస్తుంది.'

ఆమె పడుకున్నాక ఫోన్లో వెతికా. 'ఇదివరకటి పరిశోధనల ప్రస్తావన లేదు' అని రాశాను కదా, ఇంతకీ ఆ పరిశోధనలు ఏంటో చూద్దామని. నాకు మాత్రం తెలుసా ఏంటి!

దొరికింది. 1983లో 'చైల్డ్ డెవలప్‌మెంట్' అనే పత్రికలో టామ్ హడ్సన్ అనే పరిశోధకుడు రాసిన పేపర్. ఆయన పిల్లలకు పక్షులు, పురుగుల బొమ్మలు చూపించాడు. 'పురుగుల కంటే పక్షులు ఎన్ని ఎక్కువ?' అని అడిగితే ఒకటో తరగతి పిల్లల్లో 64 శాతం సరిగ్గా చెప్పారు. 'పక్షులన్నీ పురుగుల కోసం ఎగిరొస్తే ఎన్నింటికి పురుగు దొరకదు?' అని అడిగితే నూటికి నూరు శాతం చెప్పారు. ఇంకా చిన్నపిల్లల్లో తేడా మరీ ఎక్కువ. 'దొరకదు' అనగానే పిల్లలు మనసులో జతలు కట్టేస్తారు. ఒక పక్షి, ఒక పురుగు. మిగిలిందే జవాబు.

ఆయన పక్షులతో చూపించింది, ఈమె ఆయన పేరు కూడా వినకుండా గుడ్ల గిన్నె దగ్గర పట్టుకుంది. పైగా ఈమె పిల్లల విషయంలో ఇంకో మెలిక ఉంది. ఆ 'కంటే ఎన్ని ఎక్కువ' అన్నది వాళ్ల ఇంటి భాషలో కాదు, బడి భాషలో ఉంది. ఇది చిన్న ప్రశ్నా? ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో గోండి, కోయ, సవర లాంటి ఎనిమిది భాషల్లో చిన్న తరగతులు చెప్పే కార్యక్రమం మొదలుపెట్టింది ఇందుకే. 2020 జాతీయ విద్యా విధానం, వీలైన చోటల్లా కనీసం అయిదో తరగతి వరకు ఇంటి భాషలో చెప్పమన్నదీ ఇందుకే. అలాంటి ప్రశ్న నా చేతికొస్తే 'ఎనెక్డోటల్' అని పక్కన పడేశా.

ఒక మాట చెప్పాలి. నేను పదో తరగతి దాకా తెలుగు మీడియం. మాది ఖమ్మం దగ్గర పల్లె. డిగ్రీ మొదటి ఏడాది సెమినార్‌లో ఇంగ్లీషులో నా పేరు, ఊరు చెప్పి, ఆ తర్వాత మాట రాక నిలబడిపోయా. వెనక బెంచీల్లో నవ్విన నవ్వు ఇప్పటికీ చెవిలో ఉంది. పట్టుబట్టి నేర్చుకున్నా. తీరా నేర్చుకున్నాక చేసిన పనేంటంటే, రానివాళ్లను కొలవడం.

"నీ రూమ్మేట్ కాకపోతే అడిగేదానివా?"

పొద్దున్నే కమిటీ దగ్గరికి వెళ్లా. జరిగిందంతా చెప్పి, ఆ పేపర్ మళ్లీ చదవాలన్నా. మా కన్వీనర్ అన్న చివరి ఏడాది స్కాలర్. ఎప్పుడూ గొంతు పెంచడు. అప్పుడూ పెంచలేదు.

"నీ రూమ్మేట్ కాకపోతే అడిగేదానివా?"

"అడిగేదాన్ని కాదన్నా."

"మరి మిగతా నలభై మందికి ఈ కమిటీలో రూమ్మేట్లు లేరు కదమ్మా."

దానికి జవాబు లేదు. ఆమె ఒక్కదాన్నే లోపలికి తీసుకుంటే అది సిఫార్సు. తీసుకోకపోతే అన్యాయం. గంటసేపు వాదించుకున్నాం. కార్యక్రమ పత్రం అరవై కాపీలు అప్పటికే ప్రింటయ్యాయి. సదస్సుకు పన్నెండు రోజులే ఉంది. చివరికి తేలింది ఒకటే దారి. తిరిగి చదివితే నలభై ఒక్కటీ చదవాలి.

ఈసారి పద్ధతి మార్చాం. 'భాష' అనే గడి తీసేశాం. దాని చోట ఒక ఖాళీ గీత పెట్టాం. ఈ పేపర్ అడుగుతున్న ప్రశ్న ఏంటో రివ్యూయర్ ముందు తన మాటల్లో రాయాలి. అది రాయలేకపోతే మార్కు వేయడానికి వీల్లేదు. మొదట చదివినవాళ్లు అదే పేపర్ మళ్లీ చదవకూడదు. కాబట్టి మా రూమ్మేట్ పేపర్ నా చేతికి రాలేదు. రాకూడదు కూడా.

ఇంకో మాట మీదా గొడవైంది. చెప్పేవాళ్లు తెలుగు, ఉర్దూ, హిందీల్లో కూడా చెప్పొచ్చా? "వేరే రాష్ట్రాల వాళ్లు ఎలా వింటారు?" అని ఒకరు. "సర్టిఫికెట్‌కు విలువ తగ్గుతుంది" అని ఇంకొకరు. చివరికి స్లైడ్లు ఇంగ్లీషులో, మాట ఎవరికి నచ్చిన భాషలో వాళ్లు అనుకున్నాం. ప్రశ్నలు అటూ ఇటూ చెప్పడానికి ప్రతి గదిలో ఒకరు ఉండాలి.

మూడు రాత్రులు మెస్ హాల్లో కూర్చుని చదివాం. తొమ్మిది పేపర్లు మళ్లీ లోపలికి వచ్చాయి. మా రూమ్మేట్‌ది వాటిలో ఒకటి. మూడో గది కోసం పాత సైకాలజీ ల్యాబ్ తాళం అడిగి తెచ్చుకున్నాం. పాత కాపీలు పక్కన పెట్టి, తలా కొంత వేసుకుని కొత్తవి ప్రింట్ చేయించాం.

అంతా సుఖాంతం అనుకోకండి. ఆ తొమ్మిది మందిలో ఇద్దరు రాలేదు. ఒకరు అసలు జవాబే ఇవ్వలేదు. ఇంకొకరు ఒకే లైను రాశారు. 'మీ రివ్యూ చదివాక టాపిక్ మార్చేసుకున్నాను, థాంక్యూ.' ఆ రివ్యూ రాసింది నేను కాదు. అయినా ఆ 'థాంక్యూ' నాకు చాలా రోజులు గుచ్చుకుంది.

"నీ మాట అక్కా అది"

కొత్త మెయిల్ వెళ్లిన సాయంత్రం గదికి వచ్చి, చెప్పులు కూడా విప్పకుండా చెప్పేశా. "మొదటిసారి నీకు రెండు మార్కులు వేసింది నేనే."

ఆమె బట్టలు మడతపెడుతోంది. ఆపలేదు.

"తెలుసు అక్కా."

"ఎట్లా?"

"ఎనెక్డోటల్ అని రాసినవ్ గదా. నీ మాట అక్కా అది. మెస్‌ల సాంబార్ గురించి చెప్పినా గదే అంటవ్."

నాకు నవ్వాలో ఏడవాలో అర్థం కాలేదు. "మరి ఆ రోజే ఎందుకు అడగలేదు?"

"ఏమని అడగాలె? ఒక్క కెటిల్‌ల టీ తాగుతం మనం." కాసేపాగి అంది. "అయినా రెండు ఏంది అక్కా? మూడు ఇయ్యకపోతివి."

ఆమెకు హడ్సన్ పేపర్ ప్రింట్ తీసి ఇచ్చా. రెండ్రోజులు డిక్షనరీ పక్కన పెట్టుకుని చదివింది. "ఈయనకు పురుగులు దొరికినయ్, నాకు గుడ్లు దొరికినయ్" అంది.

సదస్సు రోజు సైకాలజీ ల్యాబ్‌లో టైమ్ కీపర్‌ని నేనే. అయిదు నిమిషాలు మిగిలితే పచ్చ కార్డు, అయిపోతే ఎర్ర కార్డు. గదిలో పద్నాలుగు మంది. ఆమె తెలుగులో మొదలుపెట్టింది. మొదట చేతులు వణికాయి. నోట్‌బుక్ పేజీ ఫొటో తెర మీద పడగానే గొంతు సర్దుకుంది. టిక్కుల వైపు చూపిస్తూ చెబుతుంటే, బయట చాయ్ కోసం లేవబోయిన ఇద్దరు మళ్లీ కూర్చున్నారు.

ప్రశ్నల సమయంలో ఒకాయన అడిగాడు. "శాంపిల్ మరీ చిన్నది కదండీ?"

"చిన్నదే సార్. ఆ బడిల ఉన్నదే అంతమంది."

గదిలో నవ్వులు. ఆయన కూడా నవ్వి, అయితే పక్క ఊరి బడిలో కూడా చేయొచ్చు కదా అన్నాడు. ఒకమ్మాయి, అదే ప్రశ్నను గోండిలో 'ఎన్ని ఎక్కువ' అని అడిగితే ఏం చెబుతారో చూశారా అని అడిగింది. మా రూమ్మేట్ నిజాయితీగా "చూడలే" అంది. నోట్‌బుక్‌లో రాసుకుంది. ఇప్పుడు ఆమె డిసర్టేషన్ ఆ ప్రశ్న మీదే నడుస్తోంది. ఆ పెద్ద 'అంతర్జాతీయ' సదస్సులో నాకు దొరకనిది అదే కదా, ఒక్క మంచి ప్రశ్న.

ఎర్ర కార్డు సరిగ్గా పదిహేనో నిమిషానికే ఎత్తా. రూమ్మేట్ కదా అని అర నిమిషం కూడా ఎక్కువ ఇవ్వలేదు.

మీ కాలేజీలో ఇలాంటిది మొదలుపెట్టాలనుకుంటే పెద్ద బడ్జెట్ ఏమీ అక్కర్లేదు. రెండు గదులు, ఒక ప్రొజెక్టర్, గడియారం చూసే మనిషి ఒకరు చాలు. ఫీజు పెట్టకండి. పేర్లు తీసేసి చదవండి. కానీ పేరు తీసేస్తే న్యాయం దానంతటదే జరిగిపోతుందని మాత్రం నాలాగా అనుకోకండి. పేరు కనిపించకపోయినా మీడియం కనిపిస్తుంది, ఊరు కనిపిస్తుంది.

ఇంకొక్కటి చెప్పి ముగిస్తా. ఇది ఆమెకు మొన్నటిదాకా చెప్పలేదు. ఆమె సారాంశం మొదటిసారి చదివినప్పుడు నేను రెండు మార్కులు వేసి ఊరుకోలేదు. ఆ మొదటి వాక్యాన్ని, ఆ ఇంగ్లీషుతో సహా, కమిటీ వాట్సాప్ గ్రూపులో పెట్టా. పక్కన నవ్వుతూ కన్నీళ్లు కార్చే బొమ్మ. ఆరుగురు అలాంటి బొమ్మలే తిరిగి పెట్టారు. డిగ్రీలో నన్ను చూసి నవ్విన వెనక బెంచీ కంటే ఎక్కువమందే.

ఈ వ్యాసం పంపే ముందు ఆమెకు చదివి వినిపించా. ఆమె అనుమతి లేకుండా ఇది బయటికి పోకూడదు కదా. పేరు మాత్రం వద్దంది. నవ్వు బొమ్మ దగ్గరికి వచ్చేసరికి నా గొంతు ఆగింది. ఆమె కెటిల్ స్విచ్ వేసి, అటు తిరిగే నిల్చుంది. నీళ్లు మరిగేదాకా ఏమీ అనలేదు.

తర్వాత కప్పు నా చేతికిచ్చి అంది. "కానీ ఆ లైను మంచిగనే ఉంది గదా అక్కా?"

ఉంది. ఆ ఏడాది కార్యక్రమ పత్రంలో, మూడో గది కింద, ఆమె పేపర్ శీర్షిక ఆ వాక్యమే. ఒక్క అక్షరం మార్చలేదు.